కర్ర వంతు

పెళ్లి భోజనంలో వేసే ఆకు విస్తరి, దేవుడి గదిలో నిప్పుల మీద చల్లే గుగ్గిలం, పాత ఇళ్ల పైకప్పుని మోసే దూలం. ఈ మూడూ ఒకే చెట్టువని మనలో ఎంతమందికి తెలుసు? ఆ విస్తరిని ఒడియాలో ఖలి అంటారు, గుగ్గిలాన్ని ఝుణా అంటారు, చెట్టుని శాళ అంటారు. హిందీలో సాల్. తెలుగులో గుగ్గిలం చెట్టు. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు షోరియా రోబస్టా. హిమాలయాల పాదాల దగ్గర మొదలై, మధ్య భారతం మీదుగా ఒడిశా అంతా పరుచుకుని, ఉత్తరాంధ్ర కొండల దాకా వచ్చి ఈ చెట్టు ఆగిపోతుంది. అంటే బరంపురం వాళ్లం దాని దక్షిణపు అంచుకి దగ్గర్లోనే ఉన్నామన్నమాట.

మా ఇంట్లో నాన్న తెలుగు, అమ్మ ఒడియా. అందుకని మాకు ప్రతి వస్తువుకీ రెండు పేర్లు. అమ్మ పుట్టిల్లు భంజనగర్ వైపు ఒక ఊరు. ఊరి వెనక కొండ ఉంది. అమ్మ చిన్నప్పుడు అది బోడికొండట. వంటచెరుకుకని, నాగలికని, దూలాలకని నరుక్కుపోగా పొదలు మాత్రమే మిగిలాయట. ఇప్పుడు అదే కొండ మీద మధ్యాహ్నం పూట కూడా నీడ ఉంటుంది. "ఎవరు నాటారు?" అని మా మావుసీని అడిగాను. మావుసీ అంటే అమ్మ చెల్లెలు, పిన్ని. "ఎవరూ నాటలేదు. కాపలా కాశాం" అంది.

ఈ చిన్న జవాబు గురించి కొంత చదివాక తెలిసిందేమిటంటే, అడవుల మీద ఇవాళ ప్రపంచంలో జరుగుతున్న పరిశోధనలో పెద్ద భాగం ఈ రెండు ముక్కల చుట్టూనే తిరుగుతోంది. నాటకుండా అడవి ఎలా వస్తుంది? కాపలా ఎవరు కాయాలి? తెలిసినంతవరకు మీకూ చెబుదామని ఈ వ్యాసం.

చెట్టు పోయినా వేరు ఉంటుంది

గుగ్గిలం చెట్టు కాయలకి రెక్కలుంటాయి. మే నెలాఖరులో, జూన్ మొదట్లో గాలికి గిరగిరా తిరుగుతూ రాలతాయి. ఈ గింజని చింతగింజలా డబ్బాలో దాచుకోవడానికి వీల్లేదు. రాలిన వారం పది రోజుల్లో తడి తగిలితే మొలుస్తుంది, లేకపోతే చచ్చిపోతుంది. తొలకరి ఆలస్యమైతే ఆ ఏటి గింజ వృథా. నర్సరీ వాళ్లకి ఈ చెట్టు తలనొప్పి కావడానికి ఇదొక కారణం.

మొలిచిన మొక్క సంగతి ఇంకా విచిత్రం. ఎండాకాలంలో పైన ఉన్న కాడ ఎండి పడిపోతుంది. చూసేవాళ్లు మొక్క చచ్చిందనుకుంటారు. కింద వేరు బతికే ఉంటుంది. మళ్లీ వానలకి కొత్త కాడ వేస్తుంది, మళ్లీ ఎండుతుంది. ఇలా చాలా ఏళ్లు జరగొచ్చు. ఈ ఏళ్లన్నీ వేరు లావెక్కుతూ, లోపలికి దిగుతూ ఉంటుంది. తగినంత బలం, వెలుతురు దొరికాక అప్పుడు ఒక్కసారిగా పైకి లేస్తుంది. నరికేసిన చెట్టు మొదలు నుంచి కూడా చుట్టూ చిగుళ్లు వస్తాయి. వాటిలో గట్టివి రెండు మూడు నిలబడి మళ్లీ చెట్లవుతాయి.

కాబట్టి బోడిగా కనిపించే కొండ నిజంగా ఖాళీ కొండ కాకపోవచ్చు. మట్టి కింద వేర్లు కాచుకుని ఉంటాయి. ఏటా కొత్త చిగురు రాగానే మేక కొరికేస్తే, వంటచెరుకుకి కొడవలి పడితే, మార్చి నెలలో ఇప్పపూలు ఏరుకోడానికి పెట్టిన మంట పాకితే, ఆ చిగురు మనిషి ఎత్తుకి కూడా ఎదగదు. వీటన్నిటినీ కొన్నేళ్లు ఆపగలిగితే చాలు, మిగతా పని వేరే చేసుకుంటుంది. "కాపలా కాశాం" అన్న మాటకి అర్థం ఇది.

నాటడమా, కాయడమా

మనకి వనమహోత్సవం అంటే మొక్కలు నాటడం. ఫొటోలో బాగుంటుంది, లెక్క చెప్పడం కూడా తేలిక. నాటినవాటిలో ఎన్ని బతికాయన్న లెక్క మాత్రం అంత తేలిగ్గా దొరకదు. హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్డా జిల్లాలో దశాబ్దాలుగా ప్రభుత్వం నాటిన తోటల్ని కొందరు పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చూశారు. 2021లో వచ్చిన ఆ పరిశోధన ప్రకారం, అన్నేళ్ల నాట్ల వల్ల అడవి కప్పు పెరిగిందనడానికి ఆధారం దొరకలేదు. పైగా ఊరివాళ్లకి పశుగ్రాసానికి, వంటచెరుకుకి పనికొచ్చే వెడల్పాకు చెట్లు తగ్గి, సూదాకు చెట్ల వాటా పెరిగింది.

అదే ఏడాది సైన్స్ పత్రికలో ఇంకో పెద్ద అధ్యయనం వచ్చింది. నెదర్లాండ్స్‌కి చెందిన లూరెన్స్ పూర్టర్ అనే ఆయన, ఇంకా చాలామంది కలిసి అమెరికా ఖండాల్లోనూ పశ్చిమ ఆఫ్రికాలోనూ 77 చోట్ల, సాగు ఆపేసిన భూముల్లో తిరిగి వచ్చిన అడవుల్ని కొలిచారు. 20 ఏళ్లకల్లా ఆ అడవులు, సగటున చూస్తే, పాత అడవి లక్షణాల్లో 78 శాతం దాకా చేరుకున్నాయి. మట్టి అన్నిటికన్నా ముందు, పదేళ్లలోపే కోలుకుంటుంది. పాత అడవిలో ఉన్న జాతులన్నీ అదే పాళ్లలో తిరిగి రావడానికి మాత్రం నూరేళ్లు దాటుతుంది. అందుకని నరికినా మళ్లీ వస్తుందిలే అనే ధీమా పనికిరాదు. పాత అడవి ఉంటే దాన్ని ఉంచుకోవాలి. పోయినచోట, వేర్లూ దగ్గర్లో విత్తనాలిచ్చే చెట్లూ ఉంటే, దాని దారిన దాన్ని ఎదగనివ్వాలి. ఇది అన్ని నేలలకీ వర్తించదు. పూర్తిగా కోసుకుపోయిన నేలలో, గనులు తవ్వి వదిలేసిన చోట నాటక తప్పదు.

గుమ్మానికి ఆనించిన కర్ర

ఇక కాపలా సంగతి. ఒడిశాలో దీనికి ఒక పద్ధతి ఉంది, పేరు ఠెంగాపాళి. ఠెంగా అంటే కర్ర, పాళి అంటే వంతు. తెలుగులో కర్ర వంతు అనుకోవచ్చు. ఊళ్లో అందరికీ కలిపి ఒక కర్రో, నాలుగు కర్రలో ఉంటాయి. ఇవాళ ఆ కర్ర ఎవరి ఇంట్లో ఉంటే ఆ ఇంటివాళ్లు అడవిలో తిరిగి చూసి రావాలి. సాయంత్రం తిరిగొచ్చాక కర్రని పక్కింటి గుమ్మానికి ఆనించి వెళ్లిపోతారు. పొద్దున తలుపు తీసేసరికి కర్ర కనిపిస్తే ఆ రోజు వంతు వాళ్లది. నోటీసు ఉండదు, సంతకాలుండవు, జీతం ఉండదు. వంతు తప్పితే ఊరందరికీ తెలిసిపోతుంది, ఎందుకంటే కర్ర అక్కడే నిలబడి ఉంటుంది.

మన గంజాంకి ఉత్తరాన ఆనుకుని ఉన్న నయాగఢ్ జిల్లా ఈ పద్ధతికి బాగా పేరుపడింది. అక్కడ కేశర్‌పూర్ ఊరివాళ్లు బింఝగిరి కొండని కాపాడుకోవడం మొదలుపెట్టి, చుట్టుపక్కల ఊళ్లని కలుపుకుని, 1982లో వృక్ష ఓ జీవర బంధు పరిషత్ అనే సంఘం కట్టారు. అదే జిల్లా రణపూర్ బ్లాకులో దెంగాఝరి వంటి ఊళ్లలో మగవాళ్ల కాపలా పలచబడినప్పుడు ఆడవాళ్లు కర్ర అందుకున్నారు, కలప దొంగలకి ఎదురు నిలబడ్డారు.

మన జిల్లాలో అడవి లేని చోట కూడా ఇలాంటి కాపలా ఉంది. బుగుడా పక్కన భేట్నై, బాలిపదర్ ప్రాంతంలో కృష్ణజింకలు పొలాల్లోనే తిరుగుతాయి, పంట కూడా మేస్తాయి. అవి కనిపిస్తే వానలు పడతాయని ఊరివాళ్ల నమ్మకం. వాటిని వేటాడరు, వేటాడనివ్వరు. 2011 గణనలో 2,194 ఉన్న జింకలు 2021 గణనలో 7,358 అయ్యాయి. కంచె లేదు, మధ్యలో ఉన్నది ఊరి మాట ఒక్కటే.

ఇదంతా ఎందుకు చెప్పుకోవాల్సినంత విషయం అయిందంటే, కొంతకాలం కిందటి దాకా చదువుకున్నవాళ్లు ఇది అసాధ్యం అనేవారు. 1968లో గారెట్ హార్డిన్ అనే జీవశాస్త్రవేత్త, అందరిదీ అయిన బీడులో ప్రతివాడూ ఇంకొక పశువుని తోలతాడు, చివరికి బీడు నాశనమవుతుంది అని రాశాడు. అయితే ప్రభుత్వం చేతిలో పెట్టాలి, లేదా ఒకరి సొంతం చెయ్యాలి అనే వాదనకి అది బలమైంది. మన గంజాంలో ప్రభుత్వం చేతిలో పెట్టడం అంతకు ఎన్నో ఏళ్ల ముందే జరిగిపోయింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మనం మద్రాసు కింద ఉన్నాం. భంజనగర్‌ని అప్పుడు రస్సెల్‌కొండ అనేవారు. ఘుమ్సర్ సాల్ అడవులకి వర్తించినది 1882 నాటి మద్రాసు అటవీ చట్టం. 1972లో ఒరిస్సా అటవీ చట్టం వచ్చేదాకా అదే నడిచింది. అడవి సర్కారుది అనుకున్నాక ఊరికి దాని మీద ఆశే తప్ప బాధ్యత ఏముంటుంది?

హార్డిన్ మాటకి జవాబు చెప్పినావిడ ఎలినార్ ఆస్ట్రమ్. 1990లో వచ్చిన తన పుస్తకంలో ఆవిడ స్విట్జర్లాండ్, జపాన్, స్పెయిన్, ఫిలిప్పీన్స్ ఊళ్ల ఉదాహరణలు చూపించింది. ఉమ్మడి నీళ్లు, ఉమ్మడి అడవులు వందల ఏళ్లు నిలిచిన చోట్లు ఉన్నాయని, అక్కడి నియమాలు అక్కడివాళ్లే పెట్టుకున్నారని చెప్పింది. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకుంది. ఆ బహుమతి పొందిన తొలి మహిళ ఆవిడే.

ఆవిడా, ఇంకో ఇద్దరూ కలిసి 2005లో ప్రచురించిన పరిశోధన ఒకటి చదువుతుంటే నాకు మావుసీ వాళ్ల కర్రే గుర్తొచ్చింది. 12 దేశాల్లో 178 అటవీ వినియోగదారుల సంఘాల్ని పరిశీలించారు. సంఘం ఎంత ఐకమత్యంగా ఉంది, అడవి మీద ఎంత ఆధారపడింది అనేవాటికన్నా, క్రమం తప్పకుండా కాపలా ఉందా లేదా అనేదే అడవి బాగుండటంతో ముడిపడి కనిపించింది. 2009లో అశ్విని ఛత్రే, అరుణ్ అగ్రవాల్ 10 దేశాల్లో 80 ఉమ్మడి అడవుల్ని పోల్చారు. అడవి పెద్దదై, నియమాలు పెట్టుకునే అధికారం ఊరికే ఎక్కువగా ఉన్నచోట చెట్లలో కార్బనూ నిలిచింది, జనానికి జీవనోపాధీ దొరికింది.

కాపలా ఖర్చు ఎవరిది?

ఇక్కడితో ఆపేస్తే కథ చాలా అందంగా ఉంటుంది. కానీ మావుసీ ఇంకొన్ని మాటలు కూడా చెప్పింది. ఊరు కొండని మూసేసిన తొలి ఏళ్లలో ఆడవాళ్లు వంటచెరుకు కోసం ఆవలి కొండకి నడిచేవారట. తెల్లవారకముందు బయల్దేరితే వచ్చేసరికి పొద్దెక్కేది. ఆవలి కొండ ఇంకో ఊరిది. అక్కడివాళ్ల కంట పడితే దొంగలన్నారు, కొడవళ్లు లాక్కున్నారు. మేకలున్నవాళ్లు అమ్ముకున్నారు, ఆ మేకలు ఎక్కువగా భూమి లేనివాళ్లవే. కొండని మూద్దాం అని తీర్మానం చేసిన సభలో మాత్రం ఆడవాళ్లు లేరు.

ఇది ఒక్క ఊరి గొడవ కాదు. బీనా అగర్వాల్ అనే ఆర్థికశాస్త్రవేత్త భారతదేశంలోనూ నేపాల్‌లోనూ తిరిగి, 2001లో దీని గురించే రాసింది. పేరుకి అందరి సంఘమే అయినా ఆడవాళ్లు, పేదలు బయటే ఉండిపోతున్నారు, అడవి మూతపడ్డాక కట్టెల కోసం వాళ్ల నడక పెరుగుతోంది, అని చూపించింది. తర్వాత 2009, 2010లో వచ్చిన ఆవిడ పరిశోధనల్లో గుజరాత్, నేపాల్ సంఘాల లెక్కలున్నాయి. కార్యవర్గంలో ఆడవాళ్లు ఎక్కువ ఉన్నచోట అడవి ఎక్కువ మెరుగుపడింది. నేపాల్‌లో అందరూ ఆడవాళ్లే ఉన్న కార్యవర్గాలకి చిన్నవీ, బాగా పాడైపోయినవీ అయిన అడవుల్ని అప్పగించారు. అయినా ఆ అడవుల్లో కొత్త మొక్కలూ, ఆకుల గుబురూ మిగతావాళ్ల అడవుల కన్నా బాగా పెరిగాయి.

ఎందుకలా? ఏ చెట్టు ఎక్కడ చిగురేస్తోందో రోజూ వెళ్లేవాళ్లకి తెలుస్తుంది. కట్టెలు ఎప్పుడు, ఎంత ఏరుకోవచ్చో వాళ్లే నిర్ణయించుకుంటే నియమం వంటింటికి సరిపోయేలా ఉంటుంది, దాన్ని తప్పాల్సిన అవసరం తగ్గుతుంది. ఇంకో విషయం, నియమం మీరేది ఆడవాళ్లయితే వాళ్లతో మాట్లాడటం మగ కాపలాదారుకి ఇబ్బంది, ఆడవాళ్లకి కాదు. బీనా అగర్వాల్ ఒక అంకె కూడా చెప్పింది. సభలో ఆడవాళ్లు పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఉన్నప్పుడే వాళ్లు నోరు విప్పి మాట్లాడటం, వాళ్ల మాట చెల్లడం మొదలవుతుంది. ఒకరిద్దర్ని కూర్చోబెడితే అది హాజరుపట్టీకే పనికొస్తుంది. మన క్లాసుల్లో సెమినార్ పెట్టినప్పుడు ఎవరు ముందు మాట్లాడతారో గమనించినవాళ్లకి ఇది కొత్త కాదు.

రణపూర్‌లో జరిగిందీ ఇదే. నీరా సింగ్ అనే పరిశోధకురాలు 2011లో రాసినదాని ప్రకారం, అక్కడి ఊళ్ల సమాఖ్యలో ఆడవాళ్లు నెలనెలా విడిగా కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టాక సమాఖ్య నడిచే తీరే మారింది. అప్పటిదాకా చర్చకే రాని విషయాలు, అడవి నుంచి ఆడవాళ్లు తెచ్చి అమ్ముకునే సరుకుల సంగతులు, ముందుకొచ్చాయి.

కాగితం మీద హక్కు

1988లో ఒడిశా ప్రభుత్వం అడవుల కాపలాలో ఊళ్లకి చోటిస్తూ తీర్మానం చేసింది. 1990 జూన్ 1న కేంద్రం అన్ని రాష్ట్రాలకీ అలాంటి సూచన పంపింది. దాన్నే ఉమ్మడి అటవీ యాజమాన్యం అంటారు. వినడానికి బాగానే ఉంది. కానీ అప్పటికే సొంతంగా కాచుకుంటున్న ఒడిశా ఊళ్లకి దానివల్ల సొంత నియమాల బదులు పైనుంచి వచ్చిన నియమాలు మిగిలాయని ప్రతీప్ కుమార్ నాయక్, ఫిక్రెత్ బర్కెస్ 2008లో రాశారు.

2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక పరిస్థితి మారింది. ఆదివాసులకీ, మూడు తరాలుగా అంటే 75 ఏళ్లుగా అడవి మీద ఆధారపడిన ఇతరులకీ తమ ఉమ్మడి అడవిని కాపాడుకునే, పెంచుకునే, నిర్వహించుకునే హక్కుని ఈ చట్టం గుర్తించింది. ఊరి అటవీ హక్కుల కమిటీలో కనీసం మూడో వంతు ఆడవాళ్లుండాలి. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం, గ్రామసభకి హాజరైనవాళ్లలో కూడా కనీసం మూడో వంతు ఆడవాళ్లు కావాలి. బీనా అగర్వాల్ అంకె గుర్తుంది కదా, అది ఇక్కడ చట్టంలోనే ఉంది. 2021 నవంబరులో రణపూర్ బ్లాకులోని 24 ఊళ్లకి ఈ చట్టం కింద సామూహిక హక్కు పత్రాలు అందాయి. ముప్పై నలభై ఏళ్లు కర్ర తిప్పాక వచ్చిన కాగితాలు అవి.

మావుసీ వాళ్ల ఊరికి అలాంటి కాగితం ఇంకా రాలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. మన గంజాం మగవాళ్లలో చాలామంది సూరత్ మరమగ్గాల మీద పనిచేస్తున్నారని మీకు తెలుసు. మావుసీ వాళ్ల వీధిలో వయసులో ఉన్న మగవాళ్లున్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కర్ర వంతు వచ్చిందంటే వెళ్లేది ఆడవాళ్లే. వంట, పశువులు, పొలం, ఖలి కుట్టడం, వీటి మీద కాపలా ఒకటి. ఇది గౌరవమా, అదనపు చాకిరీయా అని నేను అడిగితే మావుసీ నవ్వి, "కర్ర మా చేతిలో ఉంది. కర్ర ఎక్కడ తిప్పాలో చెప్పే సభలో కుర్చీ కూడా ఉంటే గౌరవం, లేకపోతే చాకిరీ" అంది. నేను చదివిన పరిశోధనలు పేజీలు పేజీలుగా చెబుతున్నదీ దాదాపు ఇదే.

మన శాఖలో చాలామందికి ఆస్కా, సురడా, భంజనగర్, పొలసరా వైపు చుట్టాలున్నారు. పూజ సెలవులకి వెళ్లినప్పుడు అమ్మమ్మల్నీ ఆయిల్నీ మూడు విషయాలు అడగండి. మీ ఊళ్లో ఠెంగాపాళి ఉందా, ఉండేదా? ఇప్పుడు కర్ర పట్టేది ఎవరు? సభలో మాట్లాడేది ఎవరు? గుగ్గిలం చెట్టుకి మీ ఊళ్లో తెలుగువాళ్లు వాడే పేరు వేరే ఉంటే అది కూడా రాయండి. ఈ వ్యాసం పక్కన ఒక తెల్లకాగితం అంటించాను, పెన్సిలు దారంతో కట్టి ఉంది.